వేసేవాడు ఒక్కడు, పట్టేవాళ్లు ఎనిమిదిమంది



పోయిన వారం మెరిట్ మీద రాసిన భాగం చదివి ఇంజనీరింగ్ చదివే ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, ఇంటర్వ్యూల్లో, వైవాల్లో వివక్ష ఉంటుందంటే ఒప్పుకుంటా. కానీ ఆటల్లో ఉండదు కదా? వికెట్ పడితే పడినట్టే. స్కోరు బోర్డుకి కులం తెలీదు కదా?" అని.

మంచి ప్రశ్న. వెటకారంగా అడిగింది కాదు, నిజంగా నమ్మి అడిగింది. మనలో చాలామందికి ఈ నమ్మకం ఉంది. చదువులో తొక్కేస్తారు, ఉద్యోగంలో తొక్కేస్తారు, గ్రౌండ్‌లో మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు అని. అందుకే మన పిల్లలు అంత ఆశగా గ్రౌండ్ వైపు పరిగెత్తుతారు.

రెండు ముక్కల్లో తేలే ప్రశ్న కాదిది. అందుకే ఈ వారం ఒక మనిషి కథ చెప్తాను. మన దేశం వాడు కాదు. మన ఆట కూడా కాదు. పేరు బడ్ ఫౌలర్. బేస్‌బాల్‌లో డబ్బు తీసుకుని ఆడిన మొట్టమొదటి నల్లజాతి ఆటగాడిగా చరిత్రకారులు గుర్తించింది ఇతన్నే. మొదలుపెట్టింది పిచర్‌గా.

బేస్‌బాల్ తెలియనివాళ్లకి నాలుగు మాటలు. మన క్రికెట్‌లో బౌలర్ ఎలాగో అక్కడ పిచర్ అలాగ. కానీ ఓవర్ అయిపోగానే బంతి ఇంకొకరికి ఇవ్వడం ఉండదు. ఆ కాలంలో అయితే దాదాపు మ్యాచ్ మొత్తం ఒక్కడే వేసేవాడు. ఫౌలర్ మొదలుపెట్టిన 1878లో పిచర్ 45 అడుగుల దూరం నుంచి, చేయి నడుము దాటి పైకి లేవకుండా, కింద నుంచి విసరాలి. భుజం పైనుంచి విసరడానికి పెద్ద లీగులో అనుమతి వచ్చింది 1884లో. ఇప్పుడున్న 60 అడుగుల 6 అంగుళాల దూరం 1893లో వచ్చింది. ఫీల్డర్లలో చాలామందికి గ్లవ్స్ కూడా లేవు, ఒట్టి చేతులతోనే పట్టేవాళ్లు.

జట్టులో తొమ్మిదిమంది. పిచర్ ఒక్కడు. వెనకాల, చుట్టూ, ఎదురుగా క్యాచర్‌తో కలిపి ఎనిమిదిమంది. ఈ ఎనిమిది అంకె గుర్తుపెట్టుకోండి. కథంతా అక్కడే ఉంది.

ఫౌలర్ అసలు పేరు జాన్ డబ్ల్యూ. జాక్సన్. 1858లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఫోర్ట్ ప్లెయిన్‌లో పుట్టాడు. చిన్నప్పుడే కుటుంబం కూపర్స్‌టౌన్ అనే చిన్న ఊరికి మారింది. తండ్రి క్షవరం చేసేవాడు. కొడుకు కూడా ఆ పని నేర్చుకున్నాడు. ఆట లేని నెలల్లో కత్తెర పట్టుకుని బతికాడు. తనకి ఎవరు ఎదురైనా "బడ్" అని పిలిచే అలవాటుండేదట. మనం "బ్రదరూ" అంటాం చూడండి, అలాగ. చివరికి అదే అతని పేరయింది.

ఇతని కాలాన్ని కొంచెం పట్టుకోండి. అమెరికాలో బానిసత్వం రద్దయింది 1865లో. నల్లవాళ్లకి పౌరసత్వం రాజ్యాంగంలోకి ఎక్కింది 1868లో. మన ఫూలే 'గులాంగిరి' రాసి, బానిసల విముక్తి కోసం పాటుపడిన అమెరికా ప్రజలకి అంకితమిచ్చింది 1873లో. అంటే ఇక్కడ పుణేలో కూర్చుని ఒక శూద్ర మేధావి అటువైపు ఆశగా చూస్తున్న కాలం. కానీ 1877 నాటికే దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్ల హక్కులకి కాపలాగా ఉన్న కేంద్ర సైన్యం పక్కకి తప్పుకుంది. ఇచ్చినవన్నీ ఒక్కొక్కటే వెనక్కి లాక్కోవడం మొదలైంది. సరిగ్గా ఆ మరుసటి ఏడాది ఫౌలర్ బంతి పట్టుకున్నాడు.

1878 ఏప్రిల్ 24. మసాచుసెట్స్‌లోని చెల్సీ అనే చిన్న జట్టు. ఎదురుగా బోస్టన్ జట్టు, అంతకుముందు ఏడాది నేషనల్ లీగ్ ఛాంపియన్లు. వాళ్ల పిచర్ టామీ బాండ్, ఆ రోజుల్లో దేశంలోనే పెద్ద పేరు. ఇటు ఇరవయ్యేళ్ల నల్ల కుర్రాడు. చెల్సీ 2-1తో గెలిచింది. స్నేహపూర్వక మ్యాచే కావచ్చు, ఛాంపియన్లని ఒక్క పరుగు దగ్గర ఆపేశాడు. ఆ తర్వాతి నెలలోనే లిన్ అనే ఊరి జట్టు ఇతన్ని తీసుకుంది. ఆ జట్టు లీగులో ఉన్న జట్టు. అలా తెల్లవాళ్ల లీగులో అడుగుపెట్టిన మొదటి నల్ల ఆటగాడయ్యాడు.

తమ్ముడి లెక్క ప్రకారం ఇక్కడితో కథ సుఖాంతం కావాలి. ఛాంపియన్లని ఓడించాడు కదా. స్కోరు బోర్డు చెప్పింది కదా.

ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి.

1881లో కెనడాలోని గ్వెల్ఫ్ జట్టు ఇతన్ని పిలిపించింది. తీరా వెళ్లాక తోటి ఆటగాళ్లు నల్లవాడితో కలిసి ఆడం అన్నారు. జట్టు ఇతన్నే పంపించేసింది. కెనడా అంటే బానిసలు పారిపోయి తలదాచుకున్న దేశం అని మనం చదువుకున్నాం. అక్కడ కూడా ఇదే.

1884లో మిన్నెసోటాలోని స్టిల్‌వాటర్ జట్టు. ఆ సీజన్‌లో వరసగా 16 మ్యాచ్‌లు ఓడిపోయారు. మొదటి గెలుపు వచ్చిన రోజున బంతి వేసింది ఫౌలరే. ఊరి అభిమానులు సంతోషం పట్టలేక 10 డాలర్లు, ఒక జత కొత్త బట్టలు బహుమతిగా ఇచ్చారు. సీజన్ పూర్తికాకుండానే జట్టు దివాళా తీసి మూతపడింది. 1885లో అయోవాలోని కియోకుక్‌కి వెళ్లాడు. అక్కడ లీగే కూలిపోయింది.

చేయి కూడా అరిగిపోయింది. రోజు మార్చి రోజు మ్యాచ్ మొత్తం ఒక్కడే విసిరితే ఎవరి భుజమైనా ఎన్నాళ్లుంటుంది? పిచింగ్ వదిలి సెకండ్ బేస్ దగ్గర ఆడటం మొదలుపెట్టాడు. బ్యాటింగ్‌లో, పరుగులో, ఫీల్డింగ్‌లో అన్నింట్లోనూ నిలబడ్డాడు. ఇతను తెల్లవాడై ఉంటే దేశంలోని అతి పెద్ద జట్టులో ఉండేవాడని అప్పటి పత్రికలే రాశాయి. రాసి ఊరుకున్నాయి.

సెకండ్ బేస్ దగ్గర ఇంకో చిక్కు. ఎదుటి జట్టువాళ్లు పరిగెత్తుకుంటూ వచ్చి, బూట్ల కింద ఉండే ఇనుప ముళ్లతో కావాలని కాళ్లని తొక్కేవాళ్లు. ఇది ఆటలో జరిగిన గాయం అని చెప్పుకోవచ్చు. ఎవరూ కేసు పెట్టలేరు. అందుకని ఫౌలర్ మోకాళ్ల కింద చెక్క బద్దలు కట్టుకుని ఆడేవాడని 1889లో ఒక పత్రికలో వచ్చింది. ఒక్కసారి ఊహించుకోండి. మిగతా ఎనిమిదిమంది మామూలుగా ఆడుతున్నారు. ఒక్కడు మాత్రం కాళ్లకి కర్రలు కట్టుకుని పరిగెత్తుతున్నాడు. సాయంత్రం స్కోరు బోర్డు మాత్రం అందర్నీ ఒకే వరసలో రాస్తుంది. పక్కన ఈ కర్రల ముచ్చట ఉండదు.

ఇప్పుడు 1887కి వద్దాం. అమెరికా బేస్‌బాల్‌లో నల్లవాళ్ల తలుపు మూసుకున్న ఏడాది ఇది.

ఇంటర్నేషనల్ లీగ్ అని ఒకటుంది. పెద్ద లీగులకి ఒక్క మెట్టు కింద. ఆ ఏడాది అందులో నల్ల ఆటగాళ్లు అరడజనుకి పైగా ఉన్నారు. ఇంతమంది ఒకే లీగులో కనపడటం అదే మొదలు. ఫౌలర్ బింగ్‌హామ్‌టన్ జట్టులో. జార్జ్ స్టోవీ, ఎడమచేతి పిచర్, న్యూఆర్క్ జట్టులో. అతనికి క్యాచర్ మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్. వాకర్ 1884లోనే టొలీడో తరఫున పెద్ద లీగులో ఆడి వచ్చినవాడు. రాబర్ట్ హిగ్గిన్స్ అనే ఇంకో ఎడమచేతి పిచర్ సిరక్యూజ్‌లో.

ముందు హిగ్గిన్స్ సంగతి. మే 25న టొరాంటోతో మ్యాచ్. హిగ్గిన్స్ బంతి వేస్తున్నాడు. వెనకాల ఉన్న సొంత జట్టువాళ్లే చేతిలో పడిన బంతులు వదిలేశారు. చేయి చాస్తే అందేవి చాచలేదు. 28-8తో ఓడిపోయారు. కావాలనే చేశారని పత్రికలు బాహాటంగా రాశాయి. కొన్ని రోజులకి జట్టు ఫోటో తీయించుకోవాల్సి వస్తే, ఇద్దరు ఆటగాళ్లు హిగ్గిన్స్ పక్కన నిలబడి ఫోటో దిగం అన్నారు. అందులో ఒకడు అడిగిన మేనేజర్‌ని కొట్టాడు కూడా.

తమ్ముడూ, నీ ప్రశ్నకి జవాబు ఇక్కడుంది. స్కోరు బోర్డు మీద ఆ 28 పరుగులూ హిగ్గిన్స్ బౌలింగ్‌లోనే వచ్చాయి. అంకె అబద్ధం చెప్పలేదు. కానీ అంకె తయారైన చోట అబద్ధం ఉంది. బంతి వేయడం వరకే వాడి చేతిలో ఉంది. పట్టడం ఎనిమిదిమంది చేతుల్లో ఉంది. వాళ్లు చేతులు ముడుచుకుంటే ప్రపంచంలో ఏ ప్రతిభా నిలబడదు. ఆ తర్వాత అదే అంకె చూపించి "చూశారా, వాడిలో సరుకు లేదు" అంటారు.

టొలీడోలో వాకర్‌కి దీనికి తిరగేసిన అనుభవం. అక్కడ క్యాచర్ నల్లవాడు, పిచర్ తెల్లవాడు. టోనీ ములేన్ అని పేరున్న పిచర్. ఏ బంతి వేయాలో క్యాచర్ సైగ చేస్తాడు. నల్లవాడి సైగ నేనెందుకు వినాలి అని, ములేన్ తనకి తోచింది విసిరేవాడు. ఏది వస్తుందో తెలీకుండానే వాకర్ అన్నీ పట్టుకునేవాడు. సరైన రక్షణ లేని చేతులతో. చాలా ఏళ్ల తర్వాత ములేన్ తనే ఈ సంగతి చెప్పాడు, నాకు దొరికిన క్యాచర్లందరిలో వాకరే గొప్పవాడని కూడా చెప్పాడు. ఎప్పుడు? అందరి కాలం అయిపోయాక.

ఇక ఫౌలర్. బింగ్‌హామ్‌టన్‌లో 34 మ్యాచ్‌లు ఆడాడు. బ్యాటింగ్ సగటు .350. అంటే వందసార్లకి 35 సార్లు హిట్ కొట్టాడు. బేస్‌బాల్‌లో ముప్పై దాటితేనే గొప్ప. 23 బేసులు దొంగిలించాడు. ఏ రకంగా చూసినా జట్టులో ముందు వరస ఆటగాడు. తోటి ఆటగాళ్లు యాజమాన్యానికి టెలిగ్రాం పంపారు, నల్లవాళ్లని తీసేయకపోతే ఆడం అని. జులై మొదట్లో ఫౌలర్‌ని వదిలేశారు. వదిలేస్తూ ఒక షరతు పెట్టారు, ఈ లీగులో ఇంకే జట్టుకీ ఆడకూడదని. ఆడనన్న ఆటగాళ్లకి తర్వాత తలా 50 డాలర్ల జరిమానా వేశారు. కానీ ఫౌలర్‌ని వెనక్కి పిలవలేదు. ఇది మనకి తెలిసిన న్యాయమే కదా. దాడి చేసినవాడికి చిన్న మందలింపు, దెబ్బతిన్నవాడికి టీసీ.

జులై 14. న్యూఆర్క్‌లో చికాగో జట్టుతో స్నేహపూర్వక మ్యాచ్. చికాగో కెప్టెన్ క్యాప్ యాన్సన్, అప్పటి అమెరికాలో అతి పెద్ద ఆటగాడు. నల్లవాళ్లు మైదానంలో ఉంటే మేం దిగం అన్నాడు. స్టోవీకి ఒంట్లో బాగోలేదని చెప్పి పక్కన పెట్టారు. అదే రోజు బఫెలోలో ఇంటర్నేషనల్ లీగ్ యజమానులు సమావేశమయ్యారు. ఇకముందు నల్ల ఆటగాళ్లతో కొత్త ఒప్పందాలు ఒప్పుకోకూడదని ఓటేశారు. ఆరు ఓట్లు అటు, నాలుగు ఇటు. నాలుగు వేసినవి నల్ల ఆటగాళ్లున్న జట్లు. ఆరు వేసినవి ఒక్క నల్లవాడూ లేని జట్లు.

ఆ ఏడాది స్టోవీ 30కి పైగా మ్యాచ్‌లు గెలిచాడు. ఆ లీగులో ఒక సీజన్‌కి అదే రికార్డు. రికార్డు కొట్టిన పిచర్‌ని న్యూఆర్క్ మరుసటి ఏడాదికి ఉంచుకోలేదు. హిగ్గిన్స్ ఇంకో ఏడాది ఓర్చుకుని 1888లో మధ్యలోనే వదిలేసి, మెంఫిస్‌లోని తన క్షవరశాలకి వెళ్లిపోయాడు. మనవాళ్లు సీటు వదిలేసి ఇంటికొచ్చేస్తే "తట్టుకోలేకపోయాడు" అంటారే, అలాగే అని ఉంటారు.

ఇంకో సంగతి చూడండి. 1867లో అమెరికా బేస్‌బాల్ సంఘం ఒకటి, నల్లవాళ్లున్న క్లబ్బులకి సభ్యత్వం లేదని కాగితం మీద రాసుకుంది. 1871లో ప్రొఫెషనల్ లీగు వచ్చాక అలాంటి రూలు ఎక్కడా రాయలేదు. పెద్ద లీగుల్లో అరవయ్యేళ్లు ఒక్క నల్ల ఆటగాడు లేడు, ఒక్క రూలూ లేదు. అడిగితే "మా దగ్గర అలాంటి నిబంధన లేదే" అనేవాళ్లు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు పెద్దమనుషుల ఒప్పందం.

పెద్దమనుషులు! ఈ మాట మనకి కొత్తగా ఉందా? మన ఊళ్లలో రచ్చబండ దగ్గర కూర్చునేవాళ్లని కూడా ఆ మాటతోనే పిలుస్తాం. సాంఘిక బహిష్కరణకి ఎక్కడైనా కాగితం ఉంటుందా? కిరాణా కొట్టువాడు సరుకులివ్వడు, ఆటోవాడు ఎక్కించుకోడు, పొలంలోకి పనికి పిలవరు. అడిగితే ఎవరూ ఏమీ అనలేదంటారు. 1950లో రాజ్యాంగం 17వ అధికరణంతో అంటరానితనాన్ని రద్దు చేసింది. రద్దు కాగితం మీద ఉంది. ఒప్పందం నోటి మాట మీద నడుస్తోంది.

నేను కూడా బౌలర్‌నే. ఫాస్ట్ బౌలర్‌ని. గూడెం పక్కన ఖాళీ చేలో టెన్నిస్ బంతితో నేర్చుకున్నా. ఇంటర్ చదివే రోజుల్లో సంక్రాంతి టోర్నమెంట్లకి ఊళ్లోవాళ్ల జట్టు నన్ను పిలిచేది. గూడేనికి మోటార్ సైకిల్ వేసుకుని వచ్చి, "ఒరే, రేపు పొద్దున్నే రావాలిరా" అని చెప్పి పోయేవాళ్లు. మా నాయన మురిసిపోయేవాడు. పెద్దోళ్లు ఇంటికొచ్చి పిలిచారని.

టోర్నమెంట్లలో కార్క్ బంతి. మెరుపు పోకుండా బౌలర్ ఉమ్మి రాసి ప్యాంటుకి రుద్దుతాడు తెలుసుగా. నేను ఉమ్మి రాసిన బంతినే మా కెప్టెన్ తీసుకుని తన తెల్ల ప్యాంటుకి రుద్ది మళ్లీ నా చేతికిచ్చేవాడు. ఏ ఇబ్బందీ ఉండేది కాదు. డ్రింక్స్ టైములో మాత్రం అందరికీ ఒక బిందె, ఒక స్టీలు గ్లాసు. నాకు దోసిట్లో పోసేవాళ్లు. మ్యాచ్ గెలిస్తే కెప్టెన్ వాళ్లింట్లో భోజనం. వాళ్లు లోపల వరండాలో బల్లల మీద, నేను బయట గడ్డివాము పక్కన విస్తరాకులో. నేను తీసిన వికెట్లు జట్టువి. విస్తరాకు మాత్రం నాది.

అప్పుడు నాకది వింతగా కూడా అనిపించలేదు. బంతికి లేని అంటు గ్లాసుకి ఎందుకొచ్చిందని చాలా ఏళ్ల తర్వాత అంబేద్కర్‌ని చదివాక గానీ అడగలేకపోయాను. బంతికి అంటు లేకపోవడానికి కారణం సింపుల్. బంతితో వాళ్లకి పనుంది.

మన దేశంలో ఫౌలర్ లాంటి మనిషి పల్వాంకర్ బాలూ. చమార్ కులంలో పుట్టిన స్పిన్నర్. పుణేలో పార్సీల క్రికెట్ క్లబ్బులో పిచ్ ఊడ్చి, రోలర్ లాగే పని. జీతం నెలకి 3 రూపాయలు. తర్వాత తెల్లదొరల పూనా క్లబ్బులో 4 రూపాయలు. అక్కడ దొరలకి నెట్స్‌లో గంటల తరబడి బంతులు వేసీ వేసీ బౌలర్ అయ్యాడు. వాళ్లు బ్యాట్ మాత్రం ఇచ్చేవాళ్లు కాదు. హిందువుల జట్టుకి దొరల్ని ఓడించడానికి బాలూ కావాల్సి వచ్చాడు. మైదానంలో అందరితో పాటు అదే బంతి. టీ విరామంలో మాత్రం పెవిలియన్ బయట మట్టి ముంతలో టీ. 1911లో ఇంగ్లండ్ పర్యటనలో 114 వికెట్లు తీశాడు. తిరిగొచ్చాక బొంబాయిలో అణగారిన కులాలవాళ్లు సన్మానం చేస్తే, ఆ సన్మానంలో యువ అంబేద్కర్ పాలుపంచుకున్నాడు. ఇంత చేసినా హిందూ జట్టు కెప్టెన్సీ బాలూకి ఎప్పుడూ ఇవ్వలేదు. తమ్ముడు విఠల్‌కి 1923లో ఇచ్చారు, అది కూడా అంతకుముందు అన్నదమ్ములు గొడవపడి జట్టు నుంచి తప్పుకున్న తర్వాతే. రాజకీయంగా బాలూ తర్వాత బాబాసాహెబ్‌కి ఎదురు నిలిచాడు, 1937 ఎన్నికల్లో ఆయన మీద పోటీచేసి ఓడిపోయాడు. ఆ లెక్క వేరే. దానివల్ల అతని 114 వికెట్లూ తగ్గవు, ఆ మట్టి ముంత బరువూ తగ్గదు.

మళ్లీ ఫౌలర్ దగ్గరికి. 1887 తర్వాత పెద్ద లీగుల దారి మూసుకుపోయింది. కానీ ఆట మానలేదు. వెర్మాంట్, ఇండియానా, న్యూ మెక్సికో, ఇల్లినాయ్, నెబ్రాస్కా. ఏ ఊరు పిలిస్తే ఆ ఊరు. ఒక ఊళ్లో తీసేస్తే రైలెక్కి ఇంకో ఊరు, మధ్యలో ఎక్కడైనా కత్తెర పని. మన పాలమూరు వలస కూలీల్లాగా బతుకంతా ప్రయాణమే. అలా చిన్నవీ పెద్దవీ కలిపి లీగుల్లో 10 సీజన్లు ఆడాడు. ఆ శతాబ్దంలో ఇంకే నల్ల ఆటగాడూ అన్ని ఆడలేదు.

ఒకసారి తనే చెప్పాడు, నా చర్మమే నాకు శత్రువైంది, ఇంకొంచెం తెల్లగా ఉంటే స్పెయిన్ వాడినని చెప్పుకుని నెగ్గుకొచ్చేవాణ్నని. ఇది చదివినప్పుడు నాకు సిటీలో అద్దె ఇల్లు వెతుక్కునే మన పిల్లలు గుర్తొచ్చారు. ఇంటిపేరు మింగేసేవాళ్లు, ఊరిపేరు చెప్పి వాడపేరు దాచేవాళ్లు. మన చర్మం మీద రాసి ఉండదు కాబట్టి మనకి ఆ దాపరికం దొరుకుతుంది. దొరికిందని సుఖమా? రోజంతా ఒళ్లు దగ్గర పెట్టుకుని బతకడమే.

ఇక్కడ ఫౌలర్ చేసిన ఇంకో పని చెప్పాలి. వాళ్ల జట్టుల్లో చోటు లేకపోతే మన జట్టు కట్టుకుందాం అనుకున్నాడు. 1895లో మిషిగన్‌లోని ఏడ్రియన్ ఊళ్లో, గ్రాంట్ జాన్సన్ అనే ఆటగాడితో కలిసి పూర్తిగా నల్లవాళ్ల జట్టు దించాడు. పేజ్ ఫెన్స్ జెయింట్స్. డబ్బు పెట్టింది తీగ కంచెలు తయారుచేసే కంపెనీ, అందుకే ఆ పేరు. వాళ్లకి సొంత రైలు పెట్టె ఉండేది. అందులోనే పడక, అందులోనే వంట. చూసేవాళ్లకి డాబుగా ఉంటుంది. నల్లవాళ్లకి గది ఇవ్వని హోటళ్ల ముందు నిలబడే పని కూడా తప్పుతుంది. ఊళ్లోకి దిగగానే సైకిళ్లెక్కి వీధుల్లో ఊరేగేవాళ్లు, సాయంత్రం మ్యాచ్ ఉందని. ఆ ఊరి జట్టుని ఓడించి మళ్లీ రైలెక్కేవాళ్లు.

ఆ సీజన్ మధ్యలోనే ఫౌలర్ అక్కణ్నుంచి మిషిగన్ రాష్ట్ర లీగుకి వెళ్లి ఆడాడు. తెల్లవాళ్ల లీగులో అతనికి అదే ఆఖరు. మరుసటి ఏడాది, 1896లో, వేరు చేసినా సమానమే అని అమెరికా సుప్రీంకోర్టు ప్లెసీ కేసులో తీర్పిచ్చింది. మైదానంలో పెద్దమనుషులు నోటితో చేసింది కోర్టు కాగితం మీద చేసింది.

తర్వాత కూడా నల్ల జట్టులు కట్టాడు, నడిపాడు, నల్లవాళ్ల లీగు పెట్టాలని తిరిగాడు. అది అతని చేతుల మీద కాలేదు. 1920లో రూబ్ ఫాస్టర్ అనే ఇంకో నల్ల పిచర్ నీగ్రో నేషనల్ లీగ్ పెట్టి చూపించాడు. అప్పటికి ఫౌలర్ లేడు. 1909లో జబ్బుతో, డబ్బుల్లేక ఉంటే అతని కోసం సహాయ మ్యాచ్ పెట్టాలని ప్రయత్నించారు. జరగలేదు. 1913 ఫిబ్రవరి 26న న్యూయార్క్ రాష్ట్రంలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో, తన అక్కచెల్లెళ్లలో ఒకామె ఇంట్లో చనిపోయాడు. పూడ్చిన చోట రాయి కూడా పెట్టలేదు.

1946లో జాకీ రాబిన్సన్ మాంట్రియల్ తరఫున మైదానంలోకి దిగాడు. ఏ లీగులో? ఇంటర్నేషనల్ లీగ్‌లో. 1887లో ఓటేసి తలుపు మూసిన అదే పేరున్న లీగులో, 59 ఏళ్ల తర్వాత. మరుసటి ఏడాది బ్రూక్లిన్ తరఫున పెద్ద లీగుకి వెళ్లాడు. ప్రపంచమంతా రాబిన్సన్‌ని చరిత్ర తెరిచినవాడిగా చదువుకుంది. నిజమే, ఆయన గొప్పవాడు. కానీ ఆ తలుపు పుట్టినప్పటి నుంచీ మూసి లేదు. ఒకప్పుడు తెరిచే ఉంది, లోపల మనుషులున్నారు, గెంటేసి మూశారు. గెంటివేతని మర్చిపోయిన జనానికి మళ్లీ తెరిచినవాడు దయగలవాడిలా కనిపిస్తాడు.

ఫౌలర్ సమాధి మీద 1987లో రాయి పడింది. పెట్టింది లీగులు కాదు, బేస్‌బాల్ చరిత్ర తవ్వే పరిశోధకుల సంఘం. ఇక కూపర్స్‌టౌన్. ఫౌలర్ పెరిగిన ఆ చిన్న ఊరే. ఆ ఊళ్లోనే బేస్‌బాల్ పుట్టిందని 1907లో ఒక కమిటీ తేల్చింది. అది కట్టుకథని చరిత్రకారులు తర్వాత కొట్టిపారేశారు. కానీ ఆ కట్టుకథ పుణ్యాన 1939లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ అక్కడే వెలిసింది. అంటే ఆ ఊరికి లేని చరిత్రని తెచ్చి అతికించారు. ఆ ఊళ్లో నిజంగా తిరిగిన పిల్లాణ్ని మాత్రం పట్టించుకోలేదు. 2013లో ఒక వీధికి ఫౌలర్ పేరు పెట్టారు. 2022లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. చనిపోయిన 109 ఏళ్లకి.

ఆలస్యమైనా న్యాయం జరిగింది కదా అని కొందరు కామెంట్ పెడతారు. నేనలా అనుకోను. ఫౌలర్‌కి కావాల్సింది గోడ మీద కంచు ఫలకం కాదు. 1887 జులైలో ఒక కాంట్రాక్టు. అది ఇవ్వగలిగినవాళ్లు ఆ రోజు ఉన్నారు, ఇవ్వలేదు. చనిపోయినవాడిని గౌరవించడానికి ఎవరి కుర్చీ ఖాళీ చేయక్కర్లేదు. అందుకే అది తేలిక. మన రోహిత్ గురించి ఉపన్యాసాలివ్వడం తేలిక, స్కాలర్‌షిప్ ఆపేసిన ఇంకో స్కాలర్ పక్కన ఈ రోజు నిలబడటం కష్టం.

కాబట్టి యూనివర్సిటీల్లో ఉన్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ రెండే మాటలు.

ఒకటి. మీ మార్కు తగ్గిన చోట, మీ ప్రాజెక్టు ఆగిపోయిన చోట, ముందు మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. ఎనిమిదిమంది ఏం చేశారో చూడండి. గైడ్ అపాయింట్‌మెంట్ ఇచ్చాడా? ల్యాబ్‌లో సీనియర్లు పని నేర్పించారా? నోట్స్ గ్రూపులో మిమ్మల్ని కలుపుకున్నారా? చేతికొచ్చిన బంతిని ఎవరు వదిలేశారు? లోపం మీలో ఉంటే దిద్దుకోండి. వాళ్లు వదిలేసిన బంతుల్ని మాత్రం మీ ఖాతాలో రాసుకోకండి.

రెండు. రాసిపెట్టండి. ఫౌలర్ బతుకు ఇవాళ మనకి తెలిసిందంటే, చిన్న చిన్న ఊళ్ల పత్రికల్లో అచ్చయిన స్కోర్లని ఎవరో ఓపిగ్గా ఏరుకుని కుట్టడం వల్లే. మన గూడేల్లో ఆ మాత్రం పత్రిక కూడా లేదు. కబడ్డీలో జిల్లా దాకా వెళ్లిన అక్క, డప్పుతో పాటు వాలీబాల్ కూడా వాయించేసిన మామ, రన్నింగ్‌లో అందరికంటే ముందుండి బూట్లు లేక ఆగిపోయిన అన్న. వీళ్ల ఏ స్కోరూ ఎక్కడా లేదు. ఈ సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు మీ వాడలో ఒక్కరి దగ్గర కూర్చోండి. ఏ ఊళ్లో ఆడారు, ఏ ఏడాది, ఎవరి మీద గెలిచారు, ఎందుకు మానేశారు. పేర్లతో సహా, తేదీలతో సహా ఒక నోట్‌బుక్‌లో ఎక్కించండి. ఫోటో ఉంటే ఫోన్‌లో తీసుకోండి. నాకు పంపక్కర్లేదు, మీ దగ్గరే భద్రంగా ఉంచండి.

వందేళ్ల తర్వాత ఎవరైనా వచ్చి, మీవాళ్లు ఆడనేలేదు అంటే, ఆ నోట్‌బుక్ తెరవడానికి ఒకటుండాలి.

వచ్చే వారం ఇంకో భాగంతో కలుద్దాం.

జై భీమ్.